సెంటర్ ఫార్వర్డ్ లేని ఆదివారం

కింద వంటింట్లో కుర్చీ జరిగిన చప్పుడైంది. లేచారు, వెళ్లిపోతున్నారు అనుకుని రూఫిన్ పిర్లిక్ ఊపిరి బిగబట్టాడు. కాదు, కుర్చీ బల్లకి ఇంకాస్త దగ్గరగా లాక్కున్నారు, అంతే. అంటే అమ్మ వాళ్ల ముందు పళ్లేలు పెట్టేసింది. దోసకాయ ఊరగాయా పందికొవ్వూ లోపల పెట్టి దారంతో కట్టిన మాంసపు చుట్టలు, మధ్యలో వేలితో గుంట నొక్కిన బంగాళాదుంప ఉండలు, ఊదారంగు క్యాబేజీ. ఆదివారపు వంట, తన వాటా, ఎవడో కార్పొరల్ నోట్లోకి పోతోంది. ఆకలేసింది. భయంలో ఆకలేయడం తనకి కొత్తేమీ కాదు, యుద్ధంలోనూ అంతే, పక్కవాళ్లు వాంతులు చేసుకుంటుంటే తనకి రొట్టె గుర్తొచ్చేది. ఇప్పుడు మాత్రం అటక మీద, పావురాల గూట్లో, వాసానికి వీపు ఆనించి, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు. ఆట బూట్లు లేసులు ముడేసి మెడలో వేలాడుతున్నాయి. సైన్యం జీపు వీధి మలుపు తిరగడం భార్య త్రూదా కిటికీలోంచి చూసి "వచ్చిండ్రు" అన్నది, ఆ ఒక్క మాటే, కట్టుకున్నవాడు మేజోళ్లతోనే నిచ్చెనెక్కి పావురాల మధ్య దూరాడు. దేశం జెర్సీ వేసుకుని ఆడినవాడు. పావురాలు కాసేపు గుర్రుమని, తర్వాత తమలో ఒకడే అన్నట్టు సర్దుకున్నాయి.

"ఆదివారం పూట ఇంటికొచ్చినోళ్లు తినకుంట పోతరా సారూ, కూసోండ్రి," అంటోంది అమ్మ.

"మీ అబ్బాయి కోసం వచ్చామమ్మా, భోజనానికి కాదు." ఇది కెప్టెన్ గొంతు. మెత్తటి గొంతు, తూర్పు వైపు సాగదీత.

"పోరడు లేడు గద. వాని కూడు సల్లారుడెందుకు? తినుండ్రి."

"ఎక్కడికెళ్లాడు?"

"బీతోంల వాళ్ల చిన్నమ్మ ఉంటది. ఆమెకు పానం బాగలేదంట. పొద్దుగాలనే పోయిండు."

"ఇవాళ మ్యాచ్ ఉంది కదా?"

"ఉంటె ఉంది. మనిషి పానం కన్న బంతి ఎక్కువనా సారూ?"

కార్పొరల్ ఏదో గొణిగాడు. అమ్మ కావాలనే మన యాసని ఇంకా చిక్కగా కలిపి పోస్తోంది, సగం అర్థం కాకూడదని. బీతోం ఊళ్లో చిన్నమ్మ ఒకామె ఉండేదన్నమాట నిజమే, ఆమె చచ్చిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు తను దిగితే అమ్మ సైన్యానికి అబద్ధం చెప్పిన మనిషి అవుతుంది. దిగకపోతే, గూటికి ఉన్న ఆ చిన్న కంతలోంచి కనబడుతోంది కదా, వీధి వీధంతా మైదానం వైపు కదులుతోంది, టోపీలు, సైకిళ్లు, నాన్నల భుజాల మీద పిల్లలు, అందరూ తనని చూడటానికే పోతున్నారు. పిచ్చివాడిలా ఆ కంతకి మొహం అంటించి గాలి పీల్చాడు. గాలి ఉంది. కంత ఉంది. తలపైన ఉన్నది పెంకులు, మట్టి కాదు. పెంకులే, చేత్తో తోస్తే ఊడొచ్చేవే. ఈ మాట తనకి తాను చెప్పుకోవాలి, చెప్పుకోవడం ఆపితే అరిచేస్తాడు.

వార్సాలో సైన్యానికి ఒక జట్టుంది. ఏ ఊళ్లో మంచి ఆటగాడు కనబడినా వాడికి పిలుపొస్తుంది, ఆటకి కాదు, కొలువుకి. కొలువులో చేరాక ఆట అదే వస్తుంది. గనిలోకి దిగే మనిషిని మాత్రం సైన్యం ముట్టుకోకూడదు, బొగ్గు లేకపోతే దేశం నడవదు గనక. రూఫిన్ గనికార్మికుడే. కాగితం మీద. లాంపుల గదిలో అతని పేరున ఒక దీపం ఉంది, కొక్కేనికి ఒక ఇత్తడి హాజరు బిళ్ల ఉంది, డైరెక్టర్ స్కుపిన్ గారి దయవల్ల ఆ బిళ్ల రోజూ గనిలోకి దిగి రోజూ పైకొస్తుంది, అతను లేకుండా. అతనప్పుడు మైదానంలో గోడకేసి బంతి కొడుతుంటాడు. కాలనీలో ఇది తెలియనివాడు లేడు. ఇన్నాళ్లూ బయటివాళ్లకి తెలియదు, ఇప్పుడు తెలిసింది.

ఎందుకు దిగడు అని కాలనీలో ఎవరూ అడగలేదు. మొదటి రోజు చూసినవాళ్లున్నారు కదా. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఏడాది, నాన్న తట్టలో రొట్టె పెట్టుకుని, నాన్న టోపీ పెట్టుకుని, గనిలోకి మనుషుల్ని దించే ఇనుప కేజ్ ఎక్కి, తలుపు మూసి అది కదలగానే, కాళ్ల కింద నేల జారగానే, అరిచాడు. మనిషి అరిచినట్టు కాదు. గోళ్లు ఊడేలా ఇనుప చువ్వలు పట్టుకుని అరిచాడు. కేజ్ ఆపి పైకి లాగారు. ఒక్కడూ నవ్వలేదు, అదే ఎక్కువ సిగ్గనిపించింది. నవ్వి ఉంటే వాళ్లని కొట్టి ఉండేవాడు. వాళ్లకేం తెలుసు ఆ ఇటలీ ఊళ్లో నేలమాళిగ సంగతి. యుద్ధంలో జర్మన్లు వచ్చి కాలనీ మొత్తాన్ని తమవాళ్ల కింద రాసేసుకుని, పదిహేడేళ్లు నిండగానే తమ సైన్యపు బూడిదరంగు యూనిఫాం తొడిగి పంపారు. ఆ మాళిగలో నలుగురు కుర్రాళ్లు, ఒకడు మౌతార్గాన్ వాయిస్తున్నాడు, పైన ఇల్లు కూలింది. మౌతార్గాన్ ఆగింది. ఆ తర్వాత చీకటి, నోట్లో సున్నం, ఛాతీ మీద దూలం, పక్కన ఎవడిదో చెయ్యి మొదట వెచ్చగా, తర్వాత చల్లగా. ఎంతసేపో తెలియదు. తర్వాత పైనుంచి ఒక మాట, శత్రువు మాట, "కింద ఎవడన్నా బతికున్నాడార్రా?" అని, అచ్చమైన పోలిష్‌లో, అమ్మ భాషలో. "ఉన్న, ఉన్న, నేనున్న" అని తనూ అదే భాషలో ఏడ్చాడు. తవ్వి బయటికి తీసినవాడు మొహం మీద నీళ్లు పోసి, "నువ్వెవర్రా నాయనా, ఆ యూనిఫాంలో ఏం పని నీకు?" అన్నాడు. కొన్నాళ్లకే ఇంకో యూనిఫాం, ఆ తవ్వి తీసిన పోలిష్ సైన్యానిది, తొడిగారు. అది మనది అన్నారు. దానిలో ఆడిన ఆటలు బాగుండేవి, ఆలివ్ చెట్ల మధ్య, రాళ్ల నేల మీద, గోల్ కొట్టినప్పుడల్లా సైనికులు సిగరెట్లు విసిరేవారు. తీరా ఇంటికొచ్చాక, ఆ రెండోదీ తప్పు యూనిఫామే అన్నారు, పడమటి దేశాల పక్కన నిలబడి యుద్ధం చేశావు, నిన్నెలా నమ్మాలి అన్నారు. బల్ల వెనక కూర్చున్న గుమస్తా పేరడిగి, "గింతర్" అంటే, అది జర్మన్ పేరు, కుదరదు అని గోడమీది కేలండర్లో ఆ రోజు ఏ క్రైస్తవ సాధువు పేరిటిదో చూసి రూఫిన్ అని రాశాడు. జనం మైదానంలో అరిచేది ఆ కేలండర్ పేరే. గింతర్ అని పిలిచేది అమ్మ ఒక్కతే, తలుపు వేశాక. నిద్రలో త్రూదా కూడా.

కింద వీధిలో ఇద్దరు ఆగారు, గోడకి సైకిళ్లు ఆనించారు. మాటలు తిన్నగా పైకే వస్తున్నాయి.

"ఇయ్యాల రూఫిన్ మూడు కొడ్తడు, సూడు."

"మొన్న కొట్టిండా? పెండ్లాం కడుపు తనే మోస్తున్నట్టు నడిసిండు మైదానంల."

"నీ నోట్ల మన్ను వడ. వాడు లేకుంటె మనోళ్లకు గోలు ఏ దిక్కున్నదో గూడ ఎర్కగాదు."

"జీపొచ్చింది సూసినవా? రాకుంటె ఎవాల్డ్‌ను దింపుతరంట."

"ఆ పోరడా? ఆనికి ఇంక మీసమే రాలే."

నవ్వుకుంటూ పోయారు. దిగి వాళ్ల వెనకే నడవాలనిపించింది, కాళ్లు తమంతట తామే సర్దుకున్నాయి, మేజోళ్లలో వేళ్లు ముడుచుకున్నాయి. ఈ కాళ్లకి ఏమీ తెలియదు. ఎవరు ఏ బట్ట తొడిగినా పరుగెత్తాయి. దేశం జట్టులోకి తీసుకున్న రోజు, బుడాపెస్ట్‌లో, డ్రెస్సింగ్ గదిలో ఒక అధికారి దగ్గరికొచ్చి, "ఇక్కడ మీ బొగ్గు యాస మాట్లాడకు, నువ్వు జర్మన్‌వనుకుంటారు" అన్నాడు. పాస్‌పోర్టు ఆయన జేబులోనే ఉండేది, బాత్రూముకి పోయినా ఒక మనిషి వెంటొచ్చేవాడు. చిత్తుగా ఓడిన ఆట అది, కానీ ఒక్క గోల్ తను కొట్టాడు. బంతి గాల్లో ఉన్నంతసేపు, కాలుకి తగిలి వల కదిలేవరకు ఉన్న ఆ చిన్న సందు, అక్కడ ఎవరూ లేరు, అధికారి లేడు, పేరు లేదు, పైకప్పు లేదు. ఆ సందు కోసమే బతుకుతున్నాడేమో. ఆదివారం ఆదివారం అందులోకి దూరి, మళ్లీ బయటికొచ్చి, సోమవారం నుంచి దానికోసం ఎదురుచూడటం. వార్సాలోనూ మైదానం ఉంటుంది, బంతి ఉంటుంది. మరి ఎందుకు పోవు? అని త్రూదా ఒకసారి అడిగింది, పొట్టమీద తన చెయ్యి పెట్టుకుని. పోతే ఇంకెప్పుడూ ఏ తలుపూ తను తీసుకోలేడు అనిపించింది, అంతే. నాన్ననీ అట్లాగే పిలిచారు, యుద్ధం ఈ వీధి దాటి పోయిన శీతాకాలం. తూర్పు నుంచి వచ్చిన రష్యా సైనికులు, రెండు వారాల పని ఉంది, రొట్టె, మార్చుకోను బట్టలు తెచ్చుకోండి అన్నారు. నాన్న పావురాలకి గింజలేసి పోయాడు. వాళ్ల దేశంలో ఏ గనిలో ఎక్కడ పడిపోయాడో, వెంట పోయినవాళ్లలో తిరిగొచ్చిన ఒకడు చెప్పబోతే, అమ్మ "వద్దు" అంది.

"నువ్వు చెప్పమ్మా." కెప్టెన్ ఇప్పుడు త్రూదాతో మాట్లాడుతున్నాడు. "మీ డైరెక్టర్ గారు దిగనివాడికి దిగినట్టు హాజరు వేయించారు. అది నేరం. రేపటికల్లా ఆయన్ని తీసుకుపోతారు. ఈ ఇల్లు కూడా గనివాళ్లకిచ్చిన ఇల్లే కదా? బిడ్డ పుట్టేముందు ఇల్లు మారడం కష్టం."

గిన్నె సింకులో పడిన చప్పుడు. "మీకు బిడ్డలున్నరా సారూ?"

"లేరు."

"అందుకే అంత సల్లగ చెప్తున్నరు."

శభాష్ అనుకున్నాడు, కానీ రేపటికల్లా తీసుకుపోయేది ఎవర్ని? డైరెక్టర్ స్కుపిన్, పొట్టి మనిషి, గోల్ కొడితే టోపీ గాల్లోకి విసిరి మళ్లీ తనే వెతుక్కునేవాడు. కేజ్ దగ్గర అరిచిన రోజు తనని గదిలోకి పిలిచి, కాఫీ పోసి, "దిగొద్దులే రూఫిన్, ఆడు" అన్నవాడు. వీధిలో బ్యాండు మొదలైంది, గని బ్యాండు, నల్ల కోట్లు, టోపీల మీద ఈకల కుచ్చులు, పెద్ద డోలు మోసేవాడు ఎప్పటిలాగే ఒక అడుగు వెనకబడి. డోలు దెబ్బ అటక కర్రల్లోంచి వెన్నులోకి వస్తోంది. పావురాలు లేచి గూడంతా దుమ్ము చేశాయి. దుమ్ము గొంతులోకి పోయింది, సున్నం, సున్నం కాదు, రెక్కల దుమ్ము, దగ్గొచ్చింది, పిడికిలి నోట్లో కుక్కుకున్నాడు. అయినా వచ్చింది.

కింద పళ్లేల చప్పుడు ఆగింది. తర్వాత కెప్టెన్, నింపాదిగా, "ఈ పావురాలు ఎవరివమ్మా?"

"మా ఆయనవి," అంది అమ్మ.

"చూడొచ్చా?"

"నిచ్చెన ఇరుగుతది సారూ, మీ బరువుకు."

"నేను తేలికేలెండి."

నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే మూలిగాయి. ముందు టోపీ వచ్చింది, తర్వాత సన్నటి మొహం, నెరిసిన కణతలు. కెప్టెన్ తెర్లెత్స్కీ అతన్ని చూశాడు, ఆశ్చర్యపోలేదు. పైకొచ్చి, టోపీ తీసి, ఎదుటి వాసం కింద తనూ మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఇద్దరు పెద్ద మనుషులు, పిల్లల దాగుడుమూతల్లో దొరికినవాడూ దొరకబట్టినవాడూలాగా.

"చిన్నమ్మకి ఎలా ఉంది?"

"ఇంక నయం గాలే సారూ."

కెప్టెన్ నవ్వలేదు, పెదవి మాత్రం కదిలింది. చెయ్యి చాపి ఒక నీలిరంగు పిట్టని పట్టుకున్నాడు, పట్టుకోవడం తెలిసినవాడు, కాళ్లు వేళ్ల మధ్య, బొటనవేలు రెక్కల మీద. "ల్వూఫ్‌లో మా నాన్నకి ఉండేవి," అన్నాడు. "ఇప్పుడు ఆ ఊరు మన దేశంలో లేదు. రైల్లో పావురాలు ఎక్కించనివ్వలేదు. వదిలేస్తే రైలు వెంట కొంతదూరం వచ్చాయి." పిట్టని వదిలాడు. "వెళ్లి ఆడు. నేను ఆపను. అయ్యాక గేటు దగ్గర జీపుంటుంది. నువ్వెలాగూ ఇక్కడ కూర్చోలేవు."

అప్పుడే మైదానం వైపు నుంచి హోరొచ్చింది. ఆట మొదలైంది. తను లేకుండా మొదలైన ఆటని రూఫిన్ ఎప్పుడూ వినలేదు. అది ఎట్లా ఉంటుందంటే, మన ఇంట్లో మన కుర్చీలో ఇంకెవరో కూర్చుని నవ్వుతుంటే గోడకవతల నిలబడి విన్నట్టు ఉంటుంది. అరుపు ఎడమకి ఒరిగింది, అంటే బంతి ఆ వైపు పోయింది. ఈలలు, ఎవడినో పడేశారు. గొణుగుడు, పాస్ తప్పింది. చెవులతో చూస్తున్నాడు. కాళ్లు చిన్నచిన్నగా అదురుతున్నాయి, కెప్టెన్ ఆ కాళ్లనే చూస్తున్నాడు, గుర్రాన్ని బేరమాడేవాడిలా కాదు, జాలిగా, అది ఇంకా కష్టంగా ఉంది.

"వార్సాలో ఇల్లిస్తారు. నీ భార్య అక్కడే కనొచ్చు. ఎందుకంత మొండితనం?"

"ఇప్పటికే రెండు ఏసుకున్న సారూ, యూనిఫాంలు."

"ఇది మనదేగా."

"రెండోది గూడ మనదే అన్నరు."

అంతలో హోరు ఒక్కసారి ఆగిపోయింది. వేలమంది ఒకేసారి ఊపిరి లోపలికి తీసుకుంటే వచ్చే నిశ్శబ్దం అది, రూఫిన్‌కి బాగా తెలుసు, దాని లోపలే కదా ఇన్నేళ్లూ ఉన్నాడు. కానీ ఎప్పుడూ బయటినుంచి వినలేదు. తర్వాత అది పగిలింది. పెంకులు గలగలమన్నాయి, పావురాలన్నీ కంతలోంచి ఆకాశంలోకి పోయాయి.

"మీవాళ్లేనా?"

"మావోళ్లే."

"నువ్వు లేకుండానే," అన్నాడు కెప్టెన్, దెప్పినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

ఆ మాట కత్తిలా దిగింది. ఎక్కడో ఒక ముడిని కూడా కోసింది. తను లేకుండానే. తను లేకపోయినా బంతి వలలోకి పోతుంది, టోపీలు లేస్తాయి, బ్యాండు మోగుతుంది. ఇన్నాళ్లూ ఈ కాళ్లు తప్ప తన దగ్గర ఇంకేమీ లేదనే కదా, కాళ్లని ఎవరికో ఒకరికి అప్పజెప్పకపోతే తను ఎవడూ కాడనే కదా. కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషమో ఏడుపో తెలియలేదు, రెండూ అయ్యుంటాయి.

"డైరెక్టర్ సారును ఏమంటరు, నేను నిజంగ దిగుతే?"

"ఎక్కడికి?"

"బొగ్గు బాయిలకు."

కెప్టెన్ టోపీని మోకాలి మీద పెట్టుకున్నాడు. "నీ సంగతి విన్నాను," అన్నాడు. "కేజ్ దాకా రాలేవు నువ్వు."

"వస్త."

"సరే, దిగు. నిజంగా కిందికి పోతే నిన్ను నేను ముట్టుకోలేను, చట్టం అది, మీ డైరెక్టర్ పాత హాజరు సంగతీ ఎత్తను. పోలేకపోతే మాత్రం అక్కడినుంచే జీపు."

వంటింట్లో అమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. నిచ్చెన దిగి వచ్చిన కొడుకునీ, వెనక కెప్టెన్‌నీ చూసింది. మొహంలో ఒక్క గీత కదల్లేదు. "చిన్నమ్మ ఇంటికాడికెళ్లి వస్తున్నవా కొడుకా?" అంది. కార్పొరల్ నోట్లో ముద్ద ఆగిపోయింది. రూఫిన్ మెడలోంచి బూట్లు తీసి త్రూదా చేతికిచ్చి, తలుపు దగ్గరున్న నాన్న పాత పనిబూట్లు వేసుకున్నాడు. ఆమె ఆ బూట్లు చూసింది, అర్థమైంది. రాత్రుళ్లు కిటికీ బార్లా తీసి పడుకునే మనిషి, చలికాలంలో కూడా, ఆమెకి తెలియనిదేముంది.

"నీతోని గాదు," అంది మెల్లగా.

"గాదు," అన్నాడు. "అయినా పోతున్న."

వీధి ఖాళీ. ఊరంతా మైదానంలో ఉంది, ఎర్ర ఇటుకల ఇళ్ల మధ్య ఇద్దరి బూట్ల చప్పుడే. ప్రతి హోరుకీ మెడ అటు తిరుగుతోంది, తిరగనిచ్చాడు, కాళ్లని మాత్రం గని గేటు వైపే నడిపించాడు. లాంపుల గదిలో పని చేసే మనిషి అతన్ని చూసి, కెప్టెన్‌ని చూసి, "ఇయ్యాల మ్యాచ్ గాదా?" అంది. దీపం తీసి, ఎన్నాళ్ల దుమ్మో, ఏప్రన్ కొసతో తుడిచి ఇచ్చింది. బరువుగా ఉంది, అనుకున్నదానికన్నా. ఆదివారం మధ్యాహ్నం పంపుల దగ్గరికి పోయేవాళ్లు కొద్దిమందే. చివరి కేజ్‌లో ఒక్కడే ఉన్నాడు, అలోజ్ మామ, నాన్నతో కలిసి పనిచేసినవాడు, ఇప్పుడు పంపుల కాపలా, ఆదివారాలన్నీ కిందే గడిచిపోయే మనిషి. రూఫిన్ లోపలికి అడుగుపెట్టాడు. ఇనుపవాసన. చువ్వలు. చెమట వెన్నులోంచి కారుతోంది. కెప్టెన్ అవతల నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని, ఎదురుచూస్తున్నాడు. రూఫిన్ చెయ్యి చాపి తలుపు తనే లాక్కున్నాడు.

"ఎప్పుడో ఒకప్పుడు పైకి రావాలి కదా," అన్నాడు కెప్టెన్.

"వస్త సారూ. షిఫ్టు అయినంక."

గంట మోగింది. నేల జారిపోయింది. పగటి వెలుతురు ఒక పలకలా పైకి లేచి, చిన్నదై, పోయింది. అరుపు లేచింది, గొంతులోకి వచ్చేసింది, ఛాతీ మీద దూలం, నోట్లో సున్నం, పక్కన చెయ్యి, చెయ్యి వెచ్చగా ఉంది, వెచ్చగానే ఉంది, అలోజ్ మామ మోచెయ్యి పట్టుకున్నాడు, నిజం చెయ్యి, గరుకుది, బతికున్నది.

"ఒరేయ్, మైదానం దిక్కునుంచి హోరొచ్చింది ఇందాక," అన్నాడు ముసలాయన చీకట్లో. "గోలు మనోళ్లదేనా?"

రూఫిన్ పళ్లు కరుచుకుపోయాయి. విడదీశాడు. "మనోళ్లదే."

"ఎవరు కొట్టిండ్రు? నేనెప్పుడు సూడలే కొడుకా ఒక్క మ్యాచ్, అన్ని ఆదివారాలు ఈడనే పాయె. చెప్పు."

"ఎవాల్డ్," అన్నాడు, కళ్లు గట్టిగా మూసుకుని. "పక్కనుంచి బంతి ఒచ్చింది మామ, ఎత్తు మీద. ఇద్దరు వాని మీద వడ్డరు. వాడు ఆగలే."

"ఆగలేదా?"

"ఆగలే. ఎగిరి తలతోని కొట్టిండు."

"ఇంక?"

కేజ్ దిగుతూనే ఉంది. గోడల్లోంచి నీళ్లు కారుతున్న చప్పుడు. రూఫిన్ ముసలాయన చేతిని రెండు చేతులతో పట్టుకుని, తను చూడని ఆ గోలుని మొదటినుంచి, ఇంకా నెమ్మదిగా, చెప్పడం మొదలుపెట్టాడు.